నలభై ఒక్క పెన్సిల్ చుక్కలు

పాలవాగు సబ్‌సెంటర్,
ములుగు జిల్లా.
జూన్ 11, బుధవారం.

దీప్తి బిడ్డకు మీ మేనత్త కళావతి దీవెనలు.

తిన్నావా అని ముందు అడగాలి, అడిగాను. ఇక తిట్లు.

మొన్న హన్మకొండలో మీ ట్రైనింగుకు వచ్చి నాలుగు గంటలు ఆ చల్లటి హాల్లో కూర్చుంటే నా మోకాళ్ళు బిగుసుకుపోయాయి. నువ్వేమో స్టేజీ మీద నిలబడి "ఇక మీకు రిజిస్టర్ల మోత తప్పుతుంది" అన్నావు. ఏఎన్‌ఎమ్ నర్సులందరూ చప్పట్లు కొట్టారు. అన్న బిడ్డవు కదా, నేనూ గట్టిగానే కొట్టాను. బస్సెక్కాక చూసుకుంటే ఏమైంది? పద్నాలుగు రిజిస్టర్లు ఎప్పటిలాగే ఉన్నాయి, పైన ఒక ట్యాబ్ చేరింది. మూడు నెలలు రెండింట్లోనూ రాయాలట. మోత ఎక్కడ తప్పిందో జర చూసి చెప్పు.

ఈ ఊళ్ళో సిగ్నల్ లేదని మీకు నాలుగుసార్లు చెప్పాను. "సిగ్నల్ ఉన్నచోటికి వెళ్తే అదే పంపించుకుంటుంది" అన్నావు. సిగ్నల్ ఉన్నచోటు గుట్ట మీద ఉంది తల్లీ. నిన్న ట్యాబ్ సంచిలో వేసుకుని ఎక్కుతుంటే మా ఆశ కార్యకర్త కట్టమ్మ ఎదురొచ్చింది. "యాడికి మేడం, మొక్కుకు పోతాన్రా?" అని ఒకటే నవ్వు.

ఫోన్ చెయ్యమంటావు. గుట్ట ఎక్కేసరికి ఆయాసం, చెప్పాల్సింది మరిచిపోతాను. అందుకే ఈ కాగితం. టీకాల డబ్బా తెచ్చే డ్రైవర్ వెంకట్రాజం ప్రతి బుధవారం ఇక్కడికి వస్తాడు, మంగళవారం హన్మకొండలో తన ఇంట్లో ఉంటాడు. నాది నీకిస్తాడు, నీది నాకు తెస్తాడు. పాత రిజిస్టర్లన్నీ కూడా ఆయన జీపులోనే పంపుతున్నాను, మీవాళ్ళు కంప్యూటర్లో ఎక్కించుకుని భద్రంగా తిరిగి ఇవ్వాలి.

ఒక మాట. వాటిలో పెన్సిలుతో ఉన్నది ఏదీ రబ్బరుతో తుడవొద్దు.

జనవరి ఆఖరుకు నాకు రిటైర్మెంటు. ఇరవై ఆరేళ్ళు అయింది ఇక్కడికి వచ్చి. అన్నకు నా మోకాళ్ళ సంగతి చెప్పకు.

నీ అత్త
కళావతి


హన్మకొండ,
జూలై 1, మంగళవారం.

అత్తా,

తిన్నాను. నిల్చుని తిన్నాను, కానీ తిన్నాను.

నీ తిట్లు న్యాయమే. కానీ పని ఏమిటో కూడా విను. పన్నెండు సబ్‌సెంటర్లు, మూడు ఆరోగ్య కేంద్రాలు, వరంగల్‌లో ఒక పెద్ద దవాఖాన, వీటన్నింటినీ ఒకదానికొకటి కలపాలి. పాలవాగులో నువ్వు ఒక గర్భిణికి రక్తం తక్కువుందని రాస్తే, ఆమె వరంగల్ వెళ్ళిన రోజు అక్కడి డాక్టరుకు అది కనపడాలి. సెప్టెంబర్ పదిహేనున ఆన్ చెయ్యాలి. ఎవరికి ఏ ట్యాబ్, ఎవరికి ఏ పాస్‌వర్డ్, కరెంటు పోతే ఏం చెయ్యాలి, నర్సమ్మ సెలవులో ఉంటే ఎవరు రాయాలి, అన్నీ నా ప్లానులోనే. ఆ ప్లానును మా మేనేజర్ శ్యాంసుందర్ సార్ ఇప్పటికి తొమ్మిదిసార్లు మార్పించాడు. చివరిసారి మార్చింది అక్షరాల రంగు.

నాన్న మగ్గం మీంచే అడుగుతాడు, "నీ పని అయిపాయెనా బిడ్డా ఇయ్యాల?" అని. కొత్తవాడలో జంపఖానా నేసేవాళ్ళకు సాయంత్రానికి ఎంత నేశారో కళ్ళకు కనపడుతుంది. నాకు కనపడదు. నాన్న ముందు అబద్ధం ఎందుకని "కాలేదు" అనే చెప్తాను.

నీ రిజిస్టర్లు ఎక్కిస్తున్నారు. ఎంట్రీ చేసేవాళ్ళకు ఒక సందేహం. కొందరి వరుస నంబరు కింద పెన్సిలుతో చిన్న చుక్క ఉంది. లెక్కపెట్టాను, నువ్వు పంపిన రిజిస్టర్లన్నింటిలో కలిపి నలభై ఒకటి. అందరూ గర్భిణులే. ఏమిటవి? మా దగ్గర చుక్కకు గడి లేదు. గడి లేనిది లోపలికి పోదు.

నీ
దీప్తి


పాలవాగు,
జూలై 9.

దీప్తికి,

చుక్కలా? పెన్సిల్ మొన తగిలి ఉంటుంది. ముసలి చెయ్యి, వణుకుతుంది.

వానలు పట్టుకున్నాయి. వాగు దాటడం కష్టమై ముగ్గురు గర్భిణులను నేనే వెళ్ళి చూసి వచ్చాను. ట్యాబ్ తడవకుండా పాల ప్యాకెట్ కవర్లు మూడు చుట్టాను. చుట్టినవి విప్పేసరికి వాళ్ళలో ఒక పిల్ల "ఇంక అయిందా మేడం, పొయ్యి మీద కూర మాడుతాంది" అంది.

నీ ట్యాబ్ ప్రతి గర్భిణికీ ముప్పై ఎనిమిది ప్రశ్నలు అడుగుతుంది. నేను రెండే అడిగేదాన్ని. మంచిగున్నావా? నాతో ఏమన్నా చెప్పాలనుందా? మిగతాది చేయి పట్టుకుంటే తెలిసేది.

ఉంటాను. పని ఉంది.

కళావతి


హన్మకొండ,
జూలై 22.

అత్తా,

నా దగ్గర అబద్ధం ఎందుకు ఆడతావు? వణికే చెయ్యి నలభై ఒక్కసారి సరిగ్గా నంబరు కిందే తగిలిందా? నీ రాత నేను పలకమీద దిద్దుకున్న రాత. నీ చెయ్యి వణకదు.

ఎందుకో చెప్పనంటావు, సరే. కానీ ఒకటి ఆలోచించు. జనవరి ఆఖరున నువ్వు దిగిపోతావు. కొత్తగా వచ్చే అమ్మాయికి ఆ చుక్క చుక్కలాగే కనపడుతుంది. అది చూసి చెప్పాల్సింది ఏదైనా ఉంటే, అప్పుడు ఎవరు చెప్తారు? నువ్వు ఇంటికి వచ్చి టీవీ చూస్తుంటే అక్కడ ఎవరికైనా ఏమైనా అయితే?

కోపం తెచ్చుకోకు. నేను అలిసిపోయి రాస్తున్నాను, మాట కటువుగా వస్తోంది. కానీ అడిగింది మాత్రం నిజంగానే అడిగాను.

దీప్తి


పాలవాగు,
ఆగస్టు 6.

బిడ్డా,

నీ ఉత్తరం చదివి రెండు బుధవారాలు ఊరుకున్నాను. వెంకట్రాజం "ఉత్తరం లేదా మేడం" అంటే లేదన్నాను. నువ్వడిగిన ప్రశ్న నన్ను నేను ఎన్నోసార్లు అడిగినదే. జవాబు లేకనే వాయిదా వేస్తూ వచ్చాను.

రిజిస్టర్లోనూ కార్డు మీదా పెట్టే ఆ చుక్కకు అర్థం "నన్ను అడగండి" అని. అంతే. కార్డు మీద సిరాతో ఉన్నది ఇంట్లోవాళ్ళ కోసం రాసింది, నిజం వేరే ఉంది, అది నా దగ్గర ఉంది. ఇదివరకు ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన డాక్టరుకు తెలుసు. చుక్క చూస్తే కార్డు పక్కన పెట్టి నా మొహం చూసేవాడు. నేను చెవిలో చెప్పేదాన్ని. ఆయన బదిలీ అయిపోయాడు.

నలభై ఒక్కరిలో ముప్పై ఏడుగురికి కాన్పులైపోయాయి, వాళ్ళ జోలికి పోవద్దు. ఇప్పుడు కడుపుతో ఉన్నవాళ్ళు నలుగురు. ముగ్గురివి చిన్న విషయాలు. నాలుగో పిల్ల కావ్య. దాని సంగతే నాకు ఫికర్.

కావ్యది తొర్రూరు దగ్గర పల్లె. ఇక్కడి సాయితేజకు ఇచ్చారు, హార్వెస్టర్ నడుపుతాడు. అత్త యాకమ్మ నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. కావ్య మేలో నెల తప్పిందని నా దగ్గరికి వచ్చింది. కార్డు మీద "మొదటి కాన్పు" అని రాస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళికి ముందు, పద్దెనిమిదేళ్ళప్పుడు ఒకసారి అయిందట. ఐదో నెలలో ఊరి డాక్టరు ఎవరో మందులిచ్చి తీసేయించాడట. ఇంట్లో అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. "మేడం, మీ కాళ్ళు మొక్కుత, ఆయనకు తెలిస్తె నన్ను ఉంచుకోడు" అని ఏడ్చింది. నేను ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. సిరాతో ఒకటి అని రాసి కింద చుక్క పెట్టాను.

తర్వాత రక్తపరీక్ష వచ్చింది. ఓ నెగెటివ్. తల్లిది నెగెటివ్, కడుపులో బిడ్డది పాజిటివ్ అయితే మొదటిసారి పెద్దగా ఏమీ కాదు. ఆ వెంటనే ఒక సూది ఇవ్వాలి. ఇవ్వకపోతే రెండోసారికి తల్లి రక్తమే బిడ్డ రక్తం మీద పగబడుతుంది. ఆ ఊరి డాక్టరు సూది ఇవ్వలేదు. ఇప్పుడు కావ్యకు ఇది రెండోసారి. వరంగల్‌లో డాక్టరు "మొదటిదే కదా" అనుకుంటే, రక్తం పగబట్టిందేమో చూసే పరీక్ష చెయ్యకపోవచ్చు. బిడ్డ చచ్చిపోవచ్చు.

నిజం రాస్తే కాపురం పోతుంది. రాయకపోతే బిడ్డ పోతుంది. ఇన్నాళ్ళూ నేను వెంట వెళ్ళి చెవిలో చెప్పి నెట్టుకొచ్చాను. ఇప్పుడు నువ్వు చెప్పు, నీ యంత్రంలో చెవి ఉందా?

డాక్టరు ఒక్కరికే కనపడాలి. ఇంకెవరికీ కాదు. అలా అయితేనే.

అత్త


హన్మకొండ,
సెప్టెంబర్ 2.

అత్తా,

చేశాను.

శ్యాంసుందర్ సార్‌తో మూడు వారాలు కొట్లాడాను. "ఒక సబ్‌సెంటర్ కోసం కొత్త గడి పెడితే మిగతా పదకొండు సబ్‌సెంటర్లూ అడుగుతాయి" అన్నాడు. అడగనివ్వండి సార్ అన్నాను. ఎవరి గురించి అని గుచ్చి గుచ్చి అడిగాడు, కావ్య పేరు చెప్పలేదు. చివరికి విసుగొచ్చి ఒప్పుకున్నాడు.

ఆ గడి పేరు "గోప్యం". నువ్వు రాస్తావు. రాశాక నీ ట్యాబ్‌లో కూడా కనపడదు. చీటీ రాసే కౌంటర్‌లో కనపడదు, ల్యాబ్‌లో కనపడదు. డాక్టరు తన పాస్‌వర్డ్‌తో తెరిస్తేనే ఎర్రగా వస్తుంది. నాలుగు రకాల పాస్‌వర్డ్‌లతో నేనే కూర్చుని తెరిచి చూశాను. ఎక్కడా కారలేదు.

నలుగురివీ రాసెయ్యి. కావ్యను పరీక్షకు పంపు. నువ్వు వెంట వెళ్ళక్కర్లేదు, ఆ మోకాళ్ళతో.

నాకు నిద్ర సరిగ్గా లేక పన్నెండు రోజులైంది. అయినా ఇవాళ బాగుంది.

నీ దీప్తి


పాలవాగు,
సెప్టెంబర్ 24.

బంగారు తల్లీ,

గుట్టెక్కి ట్యాబ్ తెరిస్తే వరంగల్ డాక్టరమ్మ రాసిన మాట వచ్చింది. "గోప్యం చూశాను. పరీక్ష చేశాను. ప్రమాదం మొదలవుతోంది, కానీ తొందరగానే దొరికింది. నెలనెలా పంపండి, ముప్పై ఏడో వారం దాటనివ్వొద్దు." బండ మీద కూర్చుని రెండుసార్లు చదివాను. నేను పోకుండా, నోరు తెరవకుండా, ఎవరి చెవీ కొరకకుండా పనైపోయింది. ఇరవై ఆరేళ్ళలో ఇదే మొదటిసారి.

నీ ప్లానును, నీ స్టేజీని, నీ ముప్పై ఎనిమిది ప్రశ్నలను తిట్టినందుకు చెంపలేసుకుంటున్నాను. ఒక్క చెంపే. ఇంకోటి మోకాళ్ళ కోసం ఉంచుకున్నాను.

ఇక్కడ బతుకమ్మ పూల కోసం పిల్లలు పొలాల గట్లన్నీ ఊడ్చేశారు. నువ్వు ఒక్కరోజన్నా ఆడావా, లేక ఆ కంప్యూటర్ ముందేనా? కావ్య, సాయితేజ వరంగల్ నుంచి ఇంకా తిరిగి రాలేదు. చుట్టాలింట్లో ఆగి ఉంటారు.

అత్త


హన్మకొండ,
అక్టోబర్ 7.

అత్తా,

బాగున్నావా? ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న దసరాకు నీ కోసం ఒక చిన్న జంపఖానా నేశాడు, ఎరుపు మీద పసుపు చారలు. సబ్‌సెంటర్లో వేసుకుంటావో ఇంట్లో వేసుకుంటావో నీ ఇష్టం.

కావ్య ఎలా ఉంది?

పని నడుస్తోంది. మొదట్లో చిన్న చిన్న లోపాలు వస్తాయి కదా, సరిచేస్తూ ఉన్నాం. పెద్దగా ఏమీ లేదు. ఎండలు తగ్గాయి. అనసూయ అత్తయ్య కూతురికి సంబంధం కుదిరింది. కావ్య ఈ నెల పరీక్షకు వచ్చిందా? వాళ్ళింట్లో అంతా మామూలుగానే ఉందా?

కావ్య గురించి రాయడం మరిచిపోకు.

దీప్తి


పాలవాగు,
అక్టోబర్ 15.

దీప్తీ,

ఒక ఉత్తరంలో మూడుసార్లు అడిగావు. ఇదివరకు ఎప్పుడూ ఒక్కసారి కూడా అడగలేదు. నీకు ఏదో తెలిసే అడిగావు. కాదంటే నేను నీ అత్తనే కాదు.

కావ్య పరీక్షకు రాలేదని నేను ఇంటికి వెళ్ళాను. యాకమ్మ ఒక్కతే అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు కూడా. అది చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, విను.

"వరంగల్‌ల కాయిదం ఇచ్చిండ్రట మేడం. కవర్ల వెట్టుకొని బస్సెక్కిండ్రట. బస్సుల వాడు తీసి సదివిండట. ఉలుకు లేదు, పలుకు లేదు. ములుగుల దిగి, నువ్వు పో నేను మల్ల వస్త అన్నడట. రాలే. నాలుగొద్దులకు ఫోన్ జేసి, దాన్ని అవ్వగారింటికి పంపు అన్నడు. ఎందుకురా అంటె చెప్పడు. అది చెప్పది, ఏడుస్తది. ఇద్దరు నన్ను పిచ్చిదాన్ని జేసిండ్రు. ఆ కాయిదంల ఏమున్నది మేడం? మీకు ఎరికే ఉంటది, చెప్పుండ్రి."

నాకు తెలియదన్నాను. ఆ ముసలిదాని మొహం చూస్తూ అబద్ధమాడి వచ్చాను.

ఏ కాగితం దీప్తీ? తెర మీద కనపడదన్నావు. నాలుగు పాస్‌వర్డ్‌లతో చూశానన్నావు. నేను ఎవరి నోటి మాటనూ సిరాతో రాయలేదు, ఇన్నేళ్ళలో ఒక్కరిది కూడా. నీ మాట నమ్మి రాశాను. ఇప్పుడు కావ్య పుట్టింట్లో ఉంది. ఏ దవాఖానకూ రానంటుందట. ముప్పై ఏడో వారం డిసెంబర్ నడుమకు వస్తుంది. అది రాకపోతే ఏమవుతుందో నీకూ తెలుసు.

తొర్రూరు నాకన్నా నీకు దగ్గర. వెళ్ళు. నువ్వు చేసింది నువ్వే చెప్పు.

కళావతి


హన్మకొండ,
అక్టోబర్ 28.

అత్తా,

దాచాను. క్షమించమని అడిగే మొహం లేదు, అయినా అడుగుతున్నాను.

తెరలన్నీ చూశాను. కాగితం చూడలేదు. దవాఖాన నుంచి వెళ్ళేటప్పుడు చేతికిచ్చే స్లిప్పు వేరే వాళ్ళు తయారు చేశారు. అందులో నిండిన గడి ప్రతిదీ అచ్చవుతుంది. నా గడి కూడా అచ్చయింది. మీ దగ్గర దవాఖాన కాగితాలన్నీ మగవాళ్ళే కవర్లో పెట్టుకుని పట్టుకుంటారని నాకు తెలుసు, చిన్నప్పటి నుంచి చూశాను. అయినా ఒక్క స్లిప్పు తీసి చూడాలని తట్టలేదు. ఆన్ చేసిన పదకొండు రోజులకు ఒక నర్సు చూసి చెప్పింది. ఆ గంటలోనే ఆపేశాను. అప్పటికి నలుగురివీ ఇచ్చేశారు.

శ్యాంసుందర్ సార్ "ఎవరూ ఫిర్యాదు చేయలేదు కదా, కదిలించొద్దు" అన్నాడు. నేను కదిలించలేదు. నీకు చెప్పడానికి భయమేసి జంపఖానా గురించి రాశాను.

ఆదివారం కావ్య వాళ్ళ ఊరికి వెళ్ళాను. పత్తి ఏరుతున్నారు. నేనెవరో, ఏం చేశానో గట్టు మీద నిలబడి చెప్పాను. ఆమె ఏరడం ఆపలేదు. ఏరుతూనే ఒక్కటి అడిగింది: "ఇప్పుడు తుడుస్తరా దాన్ని?" తుడవలేనని చెప్పాను. కనపడకుండా మూయగలను కానీ, రాసింది లోపల ఎక్కడో ఉంటుంది, అది ఎవరూ చెరపలేనట్టు మేమే కట్టాం. ఆమెతో అబద్ధం చెప్పాలనిపించలేదు.

అప్పుడు తలెత్తింది. "మీరెవలో నాకు ఎరికలేదు. మీ మీద నాకేం కోపం లేదు. నేను మేడంకు చెప్పిన. నోటితోని చెప్పిన. ఆమెనే దాన్ని కాయిదం జేసింది" అని వెళ్ళిపోయింది.

నేను చేసిన తప్పుకు ఆమె నిన్ను తిడుతోంది అత్తా. నేను వెళ్తే సరిపోలేదు.

దీప్తి


పాలవాగు,
నవంబర్ 12.

దీప్తికి,

వెళ్ళాను. మూడు బస్సులు మారాను. మోకాళ్ళ గురించి అడగకు.

కావ్య ఇంట్లోకి రమ్మనలేదు. చేన్లోనే వాళ్ళమ్మ పక్కన ఒక సాలు పట్టుకుని మధ్యాహ్నం దాకా నేనూ పత్తి ఏరాను. చివరికి "తిట్టు బిడ్డా, తిట్టడానికే వచ్చాను" అన్నాను.

"మీరు ఇయ్యాల తిట్టిచ్చుకోను వచ్చిండ్రు. రేపు ఇంకొకల కాడికి పోతరు. నేనేడికి పోవాలె మేడం?" అంది.

మాటిచ్చి తప్పానని, నీ యంత్రం తప్పు కాదని, నాకు భయమేసి, అలసటేసి, భారం దింపుకోవాలని రాశానని చెప్పాను. అది నిజమే దీప్తీ. కావ్య కోసం ఎంత రాశానో, నా కోసమూ అంతే రాశాను. ఎన్నేళ్ళని అందరి మాటలూ మోస్తాం?

తర్వాత బిడ్డ గురించి చెప్పాను. రక్తం పగబట్టడం మొదలైందని, ఇక వారం వారం చూడాలని. అప్పుడు ఏడ్చింది. కాపురం గురించి ఏడుస్తుందనుకున్నాను, కాదు. "మొదటిదాన్ని మొకం కూడ చూడలె" అంది. వాళ్ళమ్మ చేతిలో పత్తి అలాగే ఉండిపోయింది.

దవాఖానకు వస్తానంది. ఒక్కటే షరతు. "మీరు పక్కకే ఉండాలె. ఎవలు ఏమడిగినా మీరే చెప్పాలె. నేను నోరిప్ప." సరేనన్నాను. అప్పటి నుంచి వారం వారం వెళ్తున్నాను. నా మీద నీ ట్యాబ్ ఎర్రగీత వేసింది: కేంద్రంలో లేరు, బాధ్యులు కళావతి. వెయ్యనీ.

అత్త


హన్మకొండ,
డిసెంబర్ 2.

అత్తా,

ఆ ఎర్రగీతను నేను తీసేయలేను, కానీ కింద కారణం రాశాను. గర్భిణి వెంట ఉన్నారు అని.

మిగతా ముగ్గురి ఇళ్ళకూ ఒక్కదాన్నే వెళ్ళాను. సార్‌ను అడగలేదు. ఇద్దరి స్లిప్పులు ఎవరూ చదవలేదు, కవర్లోంచి తీసి వాళ్ళ చేతికే ఇచ్చి వచ్చాను, చింపేసుకున్నారు. మూడో ఆమె భర్త చదివి "అయితే ఏంది" అన్నాడట. అలాంటివాళ్ళూ ఉంటారు.

ఇప్పుడు గోప్యం గడి తెరిస్తే ముందు ఒక ప్రశ్న వస్తుంది: ఇది రాయడానికి ఆమె ఒప్పుకుందా? లేదంటే మూసుకుపోతుంది. ఇది మొదటి రోజే ఉండాల్సింది. నేనూ నువ్వూ ఉత్తరాల్లోనే తేల్చేసుకున్నాం, కావ్యను అడగలేదు. ఆరు నెలలుగా నిద్ర మానుకుని ఇంత కట్టి, ఆ ఒక్క మాట అడగడం మరిచిపోయాను.

చాలా అలసటగా ఉంది అత్తా. పదిహేడున కదా కావ్యను తీసుకువస్తున్నావు? నన్ను రావద్దని అందా?

దీప్తి


వరంగల్, దవాఖాన వరండా.
డిసెంబర్ 24, బుధవారం.

దీప్తి బిడ్డకు,

ఆడపిల్ల. బతికింది. ఒళ్ళంతా పసుపు పూసినట్టు పుట్టింది. రెండుసార్లు రక్తం మార్చారు. ఇవాళ తల్లి పాలు తాగింది. ముందు ఇది చదువుకుని ఊపిరి పీల్చుకో. నువ్వు రావద్దని కావ్య అనలేదు, నేనే అన్నాను. దానికి ఎదురుగా ఇంకొక మొహం ఎందుకని. ఇప్పుడు రావచ్చు, పిల్లను చూద్దువుగాని.

మిగతాది నీకు చెప్పాలి, ఎందుకంటే అది నీ కౌంటర్ దగ్గరే జరిగింది.

పదిహేడున పొద్దున్నే వచ్చాం. కావ్య, వాళ్ళమ్మ, నేను. చూస్తే గేటు దగ్గర యాకమ్మ. కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. కట్టమ్మ తేదీ చెప్పిందట. "నా మనుమడో మనుమరాలో పుడుతాంటె నేను ఇంట్ల కూసుంటనా?" అంది. సాయితేజ ఎవరివైపూ చూడలేదు. కానీ వచ్చాడు, వరుసలో మా వెనకే నిలబడ్డాడు.

కౌంటర్లో అబ్బాయి కంప్యూటర్ చూసి పేరు అడిగాడు, ఊరు అడిగాడు. అన్నీ నేనే చెప్పాను, ఒప్పందం ప్రకారం. గోప్యం గడి కౌంటర్లో కనపడదు కాబట్టి అతనికి లోపలిది తెలియలేదు. సిరాతో నేను రాసిందే కనపడింది. "మొదటి కాన్పే కదా?" అన్నాడు గట్టిగా. వరుసలో ఇరవై మంది ఉన్నారు. యాకమ్మ నా భుజానికి ఆనుకుని ఉంది. నేను అవునందామని నోరు తెరిచాను. ఇరవై ఆరేళ్ళుగా అన్నదే కదా.

"కాదు. రెండోది. రాసుకో" అంది కావ్య.

అది వెనక్కి తిరగలేదు, గొంతు తగ్గించలేదు. అతను రాసుకున్నాడు. దాని మాటలు నేను కాపాడుతున్నానని ఇన్ని రోజులు మురిసిపోయాను, దీప్తీ. అది చెప్పిన ఆ ఒక్క మాట ముందు నా కాపలా అంతా ఏ మూలకూ రాలేదు. నాకు సిగ్గేసింది.

సాయితేజ వరుసలోంచి పక్కకు జరిగి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఈ రోజుకూ రాలేదు.

గంటలో ఆపరేషన్ అన్నారు. నర్సు అంగీకార పత్రం తెచ్చి, "భర్త ఏడీ, సంతకం పెట్టాలి" అని వరండా అంతా చూసింది. కావ్య బండి మీద పడుకుని పైకప్పు చూస్తోంది. వాళ్ళమ్మ పెడతానంటే, అత్తింటివాళ్ళే కావాలంది. నేను పెడతానంటే, మీరు ఇంటి మనిషి కాదు మేడం అంది నర్సు. నిజమే కదా.

కౌంటర్ దగ్గర అంతా విన్న యాకమ్మ అంతవరకూ గోడకు ఆనుకుని కూర్చుంది. ఇప్పుడు లేచి వచ్చింది. నన్ను చూడలేదు. కోడలినీ చూడలేదు. ఎడమ చేతి బొటనవేలు నర్సు ముందుకు చాచి, "నేను అత్తను. ఏడ వెట్టాలె?" అంది.

మొదటి ముద్ర అలుక్కుపోయింది. నర్సు మళ్ళీ పెట్టమంది. చీరకొంగుకు వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టింది.

నీ అత్త
కళావతి